వర్జీనియా ఎన్నికల ఫలితాల సేవ: ఆ ఒక్క రాత్రికీ, ఆ తర్వాతి వారాలకీ

వర్జీనియాలో ఎన్నికలు లేని సంవత్సరమంటూ ఉండదు. అధ్యక్షుడు, సెనేటర్లు, ప్రతినిధుల సభ సభ్యులు వంటి ఫెడరల్ పదవులకు సరి సంవత్సరాల నవంబరులోనూ, గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్, రాష్ట్ర శాసనసభ వంటి పదవులకు బేసి సంవత్సరాల నవంబరులోనూ పోలింగ్ జరుగుతుంది. మధ్యలో ప్రైమరీలు (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు), ఉప ఎన్నికలు సరేసరి. అందువల్ల ఈ రాష్ట్రంలో ఫలితాలు ప్రకటించే ప్రభుత్వ సేవకు ఏడాది పొడవునా పని ఉంటుంది. ఆష్‌బర్న్ నుంచి గ్లెన్ ఆలెన్ దాకా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు ఓటు హక్కు ఉన్నవారు చాలామందే ఉన్నారు. పోలింగ్ రాత్రి వారు టీవీ ముందు కూర్చుంటున్నారు గానీ, ఆ టీవీకి అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసేవారు తక్కువ. వర్జీనియా ఎన్నికల విభాగం నడిపే రెండు సేవలనూ, అంటే పోలింగ్ రాత్రి ఎప్పటికప్పుడు మారే ఫలితాల పేజీనీ, పాత ఎన్నికల భాండాగారాన్నీ, వాటికి తోడుగా వాడదగిన ఒక స్వచ్ఛంద సంస్థ పేజీలనూ ఈ సమీక్షలో పరిశీలిస్తున్నాను. ఇవన్నీ ఉచితం, ఖాతా తెరవనక్కరలేదు, ప్రపంచంలో ఎక్కడి నుంచైనా చూడవచ్చు.

ముందుగా నా కొలమానం చెప్పాలి. ఫలితాల సేవ ఎంత వేగంగా అంకెలు ఇస్తుందన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. ఆ రాత్రి కనిపించిన అంకె మర్నాడు మారితే ఎందుకు మారిందో, ఏ రకం ఓట్లు చేరడం వల్ల మారిందో పాఠకుడు తనంతట తాను తేల్చుకోగలిగేలా ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. భారతదేశంలో కేంద్ర ఎన్నికల సంఘం ఒక్క రోజున రౌండ్లవారీగా ఫలితాలు ప్రకటించి సాయంత్రానికి ధ్రువపత్రం చేతికిచ్చే పద్ధతికి అలవాటుపడినవారికి ఈ తేడా మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. అమెరికాలో దేశమంతటికీ ఫలితాలు ప్రకటించే సంఘం లేదు, ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిదే. పోలింగ్ రాత్రి ఫలానావారు గెలిచారని చెప్పేది వార్తా సంస్థలు. చట్టం ప్రకారం గెలుపును ధ్రువీకరించేది రాష్ట్ర ఎన్నికల బోర్డు, అది జరిగేది కొన్ని వారాల తర్వాత. ఈ రెండింటి మధ్య కాలంలో రాష్ట్రం ఇచ్చే ప్రతి అంకె పక్కనా అనధికారికం అన్న మాట ఉంటుంది. ఆ మాటను చూసీ చూడనట్టు వదిలేయడం వల్లనే అనుమానాలన్నీ పుడతాయని నా అభిప్రాయం.

పోలింగ్ సాయంత్రం 7 గంటలకు ముగుస్తుంది. అప్పటికే వరుసలో నిలబడినవారు ఓటు వేసే వెళతారు. ఆ తర్వాత కాసేపటికి పేజీలో అంకెలు కదలడం మొదలవుతుంది. రాష్ట్రంలోని 95 కౌంటీలు, 38 స్వతంత్ర నగరాలు, మొత్తం 133 స్థానిక యంత్రాంగాలు తమ తమ లెక్కలు పంపుతుంటే అవి ఒక్కచోట చేరుతుంటాయి. పేజీ రూపం సాదాగా ఉంటుంది. పదవి పేరు, అభ్యర్థుల పేర్లు, ఓట్లు, శాతం, ఆ కింద కౌంటీలవారీ వివరం. రంగుల హంగు లేకపోవడం నాకు లోటుగా అనిపించలేదు. ఈ పేజీలో అసలు విలువైనది మరొకటి ఉంది. ఓట్లను అవి వేసిన పద్ధతిని బట్టి విడదీసి చూపడం. పోలింగ్ రోజున కేంద్రానికి వెళ్లి వేసినవి, ముందస్తు ఓటింగ్‌లో స్వయంగా వెళ్లి వేసినవి, తపాలాలో వచ్చినవి, అర్హత తేలేదాకా పక్కన పెట్టే ప్రొవిజనల్ ఓట్లు, ఇలా దేనికది వేరుగా కనిపిస్తుంది.

ఈ విభజన లేకపోతే ఏమవుతుందో 2020 నవంబరు చెప్పింది. ఆ ఏడాది వర్జీనియాలో సగానికి పైగా ఓట్లు పోలింగ్ రోజు కంటే ముందే పడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం డెమొక్రాట్లవి. పోలింగ్ రోజు వరుసల్లో నిలబడి వేసినవాటిలో రిపబ్లికన్ల వాటా ఎక్కువ. లెక్క ముందుగా వచ్చింది ఈ రెండో రకం. ఫెయిర్‌ఫాక్స్ వంటి పెద్ద కౌంటీల ముందస్తు, తపాలా ఓట్ల లెక్క రాత్రి బాగా పొద్దుపోయాక చేరింది. దాంతో పోలింగ్ ముగిసిన కాసేపటికే బైడెన్ గెలుపును వార్తా సంస్థలు ప్రకటించినా, రాష్ట్ర పేజీలో మాత్రం గంటల తరబడి ట్రంప్ ముందంజలో కనిపించారు. చివరికి బైడెన్‌కు 24,13,568, ట్రంప్‌కు 19,62,430 ఓట్లు వచ్చాయి. నాలుగున్నర లక్షల తేడా. అర్ధరాత్రి ఓట్లు ఎక్కడి నుంచో ఊడిపడలేదు, ముందే పడిన ఓట్లు ఆలస్యంగా లెక్కకు వచ్చాయి. పద్ధతివారీ పట్టికను చదివినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. మొత్తం అంకె ఒక్కటే చూసినవారికి వేరేగా తోచింది.

ఆ ఏడాది డేటాలో మరో చిక్కు కూడా ఉంది, దాన్ని ఇప్పటికీ చాలామంది గుర్తించరు. అప్పట్లో ముందస్తు, తపాలా ఓట్లన్నిటినీ ఓటరు ఉండే పోలింగ్ కేంద్రం కింద చూపకుండా, కౌంటీకి ఒక కేంద్రీయ గైర్హాజరు కేంద్రం అని పెట్టి అందులో కలిపి చూపేవారు. అందువల్ల 2020 నాటి పోలింగ్ కేంద్రాలవారీ జాబితా తీసుకుని మా కాలనీ ఎటు మొగ్గిందో చూద్దామంటే కనిపించేది పోలింగ్ రోజున వచ్చినవారి ఓటు మాత్రమే. కాలనీలో మిగతా సగం మంది ఆ కేంద్రీయ గంపలో ఉన్నారు. 2022లో చట్టం మార్చి, ముందస్తు ఓట్లనూ తపాలా ఓట్లనూ కూడా ఓటరు పోలింగ్ కేంద్రానికే జమకట్టి చూపాలని శాసించారు. ఈ రాష్ట్రపు ఫలితాల సేవకు గత పదేళ్లలో జరిగిన మేలు ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే ఒక జాగ్రత్త తప్పదు. 2020, 2021 నాటి కేంద్రాలవారీ అంకెలను 2023, 2024 అంకెలతో పక్కపక్కన పెట్టి మా వీధి ఇంతగా మారిపోయిందని తేల్చేయకూడదు. మారింది వీధా, లెక్క చూపే పద్ధతా అన్నది ముందు విడదీయాలి. ఈ హెచ్చరికను పేజీలోనే, ఆ సంవత్సరపు జాబితా పైనే పెద్ద అక్షరాలతో పెట్టవలసిన బాధ్యత విభాగానిదే.

ఇక ఎన్ని కేంద్రాల లెక్క అందింది అని చెప్పే శాతం విషయం. పోలింగ్ రాత్రి అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. నూటికి 95 కేంద్రాల లెక్క వచ్చిందంటే ఇంకేం మిగిలిందిలే అని నిద్రకు పోతాం. కానీ కేంద్రాలన్నీ ఒక్క పరిమాణంలో ఉండవు. పైగా కేంద్రం లెక్క వచ్చినంత మాత్రాన ఆ కేంద్రానికి చెందిన తపాలా ఓట్లన్నీ వచ్చినట్టు కాదు. పోలింగ్ రోజు నాటికి తపాలా ముద్ర పడిన కవర్లు మూడో రోజు మధ్యాహ్నం దాకా వచ్చినా చెల్లుతాయి. ప్రొవిజనల్ ఓట్ల సంగతి స్థానిక ఎన్నికల బోర్డు ఒక్కొక్కటిగా పరిశీలించి తేలుస్తుంది. 2022 నుంచి పోలింగ్ రోజునే ఓటరుగా నమోదు చేసుకునే వీలు కల్పించి, అలా నమోదైనవారి ఓటును ప్రొవిజనల్‌గా తీసుకుంటున్నారు కనుక ఈ రకం ఓట్ల సంఖ్య కూడా మునుపటిలా నామమాత్రంగా లేదు. పోటీ హోరాహోరీగా ఉన్నప్పుడు కేంద్రాల శాతాన్ని పక్కన పెట్టి, తపాలా, ప్రొవిజనల్ గడులు నిండాయా లేదా చూడమని నా సలహా. అక్కడ సున్నా కనిపిస్తే ఆ కౌంటీలో ఓట్లు లేవని కాదు, ఇంకా లెక్క అందలేదని అనుకోవడమే క్షేమం.

ఈ గడులను శ్రద్ధగా చదవడం వల్ల ఎంత పెద్ద మేలు జరగగలదో చెప్పడానికి 2013 అటార్నీ జనరల్ ఎన్నికను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. మార్క్ హెరింగ్, మార్క్ ఒబెన్‌షైన్ పోటీపడిన ఆ ఎన్నికలో 22 లక్షలకు పైగా ఓట్లు పోలయ్యాయి. పోలింగ్ రాత్రి ఒబెన్‌షైన్ కొద్దిపాటి ఆధిక్యంలో ఉన్నారు. తర్వాతి రోజుల్లో బయట నుంచి అంకెలను గమనిస్తున్న కొందరు విశ్లేషకులకు ఒక తేడా కనిపించింది. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ మూడు కాంగ్రెస్ నియోజకవర్గాల్లో విస్తరించి ఉంటే, వాటిలో ఒక నియోజకవర్గం కిందికి వచ్చే భాగంలో మాత్రం గైర్హాజరు ఓట్లు, అంటే పోలింగ్ రోజు కేంద్రానికి రాకుండా వేసినవి, మిగతా రెండింటితో పోలిస్తే అనుమానం కలిగేంత తక్కువగా లెక్కకు వచ్చాయి. ఆరా తీస్తే, 3 వేలకు పైగా ఓట్లు మొత్తంలో చేరలేదని బయటపడింది. అధికారులు సరిదిద్దారు. చివరకు బోర్డు ధ్రువీకరించిన లెక్క హెరింగ్‌కు 11,03,777, ఒబెన్‌షైన్‌కు 11,03,612. తేడా 165 ఓట్లు. రీకౌంటింగ్‌లో అది 900 దాటింది, ఒబెన్‌షైన్ ఓటమిని అంగీకరించారు. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే. రాష్ట్రం కౌంటీ మొత్తం మాత్రమే ప్రకటించి, లోపలి భాగాలను చూపకపోయి ఉంటే ఆ వేల ఓట్ల లోటు బయటివారి కంటపడే అవకాశమే లేదు. పౌరుల చేతిలో పెట్టిన వివరం పౌరులకే కాక అధికారులకూ కాపలా కాసింది.

కౌంటీల పట్టిక చదివేటప్పుడు కొత్తవారు పడే ఒక పొరపాటు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. వర్జీనియాలో నగరాలు కౌంటీలలో భాగం కావు, అవి కౌంటీలతో సమానంగా విడిగా నిలబడతాయి. కొన్ని పేర్లు రెండు చోట్లా ఉంటాయి. రిచ్‌మండ్ నగరం రాష్ట్ర రాజధాని, డెమొక్రాట్లకు కంచుకోట. రిచ్‌మండ్ కౌంటీ దానికి ఎంతో దూరంలో, నార్తర్న్ నెక్ ద్వీపకల్పంలో ఉన్న చిన్న గ్రామీణ ప్రాంతం, రిపబ్లికన్లకు గట్టి పట్టు ఉన్న చోటు. అక్షర క్రమంలో ఈ రెండు వరుసలూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. రాజధానిలో ఫలితం తలకిందులైందని కంగారుపడి బంధువులకు ఫోన్లు చేసే ముందు వరుస చివర నగరమని ఉందా, కౌంటీ అని ఉందా చూసుకోవాలి. ఫెయిర్‌ఫాక్స్, రోనోక్, ఫ్రాంక్లిన్ పేర్ల విషయంలోనూ ఇదే తంటా. పాత ఫలితాలతో పోల్చేవారికి ఇంకొకటి. బెడ్‌ఫర్డ్ 2013 దాకా స్వతంత్ర నగరం, ఆ ఏడాది పట్టణ హోదాకు మారి బెడ్‌ఫర్డ్ కౌంటీలో కలిసింది. అంతకు ముందరి జాబితాల్లో అదొక వరుస, తర్వాతి వాటిలో లేదు. పటం మీద బాణం గుర్తు పెట్టినంత స్పష్టంగా ఈ మార్పులను పేజీలో ఒక చిన్న గమనికగా ఇస్తే పరిశోధకులకే కాదు, బడిపిల్లలకూ పనికొస్తుంది.

రాష్ట్ర, ఫెడరల్ పోటీలను ఒకే చోట పక్కపక్కన చూడగలగడం ఈ సేవ ఇచ్చే మరో సుఖం. 2024 నవంబరులో అధ్యక్ష పదవికి కమలా హారిస్ వర్జీనియాలో 23,35,395 ఓట్లు, ట్రంప్ 20,75,085 ఓట్లు పొందారు. అదే బ్యాలెట్ మీద సెనేట్‌కు పోటీ చేసిన డెమొక్రాట్ టిమ్ కేన్‌కు 24,17,115 ఓట్లు వచ్చాయి, రిపబ్లికన్ హంగ్ కావ్‌కు 20,19,911. అంటే హారిస్ కంటే కేన్‌కు 80 వేలకు పైగా ఎక్కువ, ట్రంప్ కంటే కావ్‌కు సుమారు 55 వేలు తక్కువ. ఒకే కాగితం మీద ఒకరే ఓటరు పైన ఒక పార్టీకి, కింద మరో పార్టీకి గుర్తు పెట్టిన సందర్భాలు ఎంత విస్తారంగా ఉన్నాయో ఈ రెండు వరుసలు చెబుతాయి. అదే రాత్రి లౌడన్ కౌంటీ లెక్క త్వరగా పూర్తయింది. 2020లో అక్కడ బైడెన్‌కు 60 శాతం దాటిన ఓటు, 2024లో హారిస్‌కు అంతకంటే దిగువకు పడిపోయింది. దేశమంతటా గాలి ఎటు వీస్తోందో విశ్లేషకులు మొదట పసిగట్టింది ఇలాంటి తొలి లెక్కల్లోనే. లౌడన్‌లో మన తెలుగువారు గణనీయంగా ఉన్నారు కనుక ఆ వరుస చదివినప్పుడు మనకు దూరపు వార్తలా అనిపించదు.

2025 నవంబరు 4న జరిగిన రాష్ట్ర ఎన్నికలైతే ఈ పోలికకు ఇంకా మంచి సందర్భం. గవర్నర్‌గా అబిగైల్ స్పాన్‌బర్గర్ 57 శాతానికి పైగా ఓట్లతో విన్సమ్ ఎర్ల్-సియర్స్ మీద గెలిచి రాష్ట్రానికి తొలి మహిళా గవర్నర్‌గా ఎన్నికయ్యారు. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. అటార్నీ జనరల్ పదవికి జే జోన్స్ అప్పటి అటార్నీ జనరల్ జేసన్ మియారెస్‌ను ఓడించారు గానీ ఆయన వాటా 53 శాతం దగ్గర ఆగింది. ముగ్గురూ డెమొక్రాట్లే, రోజు ఒకటే, ఓటర్లు ఒకరే, ఆధిక్యాలు మాత్రం మూడు రకాలు. కౌంటీ వరుస తెరిచి మూడు పదవులనూ పోల్చి చూస్తే ఎక్కడ ఓటరు పార్టీని చూశాడో, ఎక్కడ మనిషిని చూశాడో తెలుస్తుంది. టీవీ చర్చల్లో గంట సేపు విన్నా దొరకని సంగతి ఇది. వర్జీనియాలో గవర్నర్ వరుసగా రెండోసారి పోటీ చేయడానికి వీల్లేదు కాబట్టి ప్రతి నాలుగేళ్లకూ ఆ పదవికి కొత్త పోటీయే జరుగుతుంది. పాత ఆధిక్యాలతో పోల్చేటప్పుడు ఈ నియమాన్ని మనసులో ఉంచుకోవాలి.

చిన్న ఎన్నికలను కూడా పెద్దవాటిలాగే చూడటం ఈ సేవలో నాకు నచ్చిన గుణం. 2024లో సుహాస్ సుబ్రమణ్యం పదో నియోజకవర్గం నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికై, వర్జీనియా నుంచి ఆ సభకు వెళ్లిన తొలి భారతీయ అమెరికన్ అయ్యారు. ఖాళీ అయిన ఆయన రాష్ట్ర సెనేట్ స్థానానికి 2025 జనవరి 7న ఉప ఎన్నిక జరిగితే కణ్ణన్ శ్రీనివాసన్ గెలిచారు. శ్రీనివాసన్ వదిలిన హౌస్ ఆఫ్ డెలిగేట్స్ (రాష్ట్ర శాసనసభలోని దిగువ సభ) స్థానానికీ అదే రోజు పోలింగ్ జరిగింది. పండుగల సెలవులు ముగిసీ ముగియక ముందే, చలిలో జరిగిన ఆ పోలింగ్ గురించి జాతీయ చానళ్లు పట్టించుకునేది అంతంతమాత్రమే. రాష్ట్ర పేజీలో మాత్రం దానికీ అధ్యక్ష ఎన్నికకు దక్కిన పట్టికే, అదే పద్ధతివారీ విభజనే. మన ప్రాంతం నుంచి ఎవరు ఎన్నికయ్యారో తెలుసుకోవడానికి వేరే దారి వెతుక్కోనక్కరలేదు.

స్థానిక పదవుల దగ్గర ఈ సుఖం కొంత తగ్గుతుంది. పాఠశాల బోర్డు, పట్టణ మండలి అభ్యర్థుల పేర్ల పక్కన బ్యాలెట్ మీదే పార్టీ పేరు ఉండదు, అందుకని ఫలితాల పట్టికలోనూ ఉండదు. ఇది విభాగం తప్పు కాదు, చట్టం అలా ఉంది. కొన్ని కౌంటీలు తమ సొంత పేజీల్లో ఇంకాస్త వివరం ఇస్తాయి, కొన్ని చోట్ల మాత్రం కాగితాన్ని స్కాన్ చేసి పెట్టిన ఫైళ్లే దిక్కు, అందులో అంకెలు వెతకడం కళ్లకు శ్రమ.

ఇప్పుడు పాత ఎన్నికల భాండాగారానికి వస్తాను. ఈ మొత్తం సేవలో నా మనసుకు దగ్గరైంది ఇదే. 1789 నుంచి జరిగిన ఎన్నికలను పదవిని బట్టి, సంవత్సరాన్ని బట్టి, అభ్యర్థి పేరును బట్టి వెతకవచ్చు. ప్రైమరీ వేరు, సాధారణ ఎన్నిక వేరు, ప్రజాభిప్రాయ సేకరణలు వేరు. ఒక ఎన్నికను తెరిస్తే కౌంటీలవారీ పట్టికతో పాటు పటం కూడా వస్తుంది. దాన్ని ఫైలుగా దించుకుని కంప్యూటర్‌లో మన లెక్కలు మనం వేసుకోవచ్చు. ఇటీవలి ఎన్నికలకు పోలింగ్ కేంద్రాల స్థాయి వివరం దొరుకుతుంది. వెనక్కి పోయేకొద్దీ కౌంటీ స్థాయితో సరిపెట్టుకోవాలి. ఒకే అభ్యర్థి వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు పదవులకు పోటీ చేస్తే అన్నీ ఒక్క పేరు కింద చూడగలగడం ఎంత ఉపయోగమో రాజకీయ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి వేరే చెప్పక్కరలేదు. 2021 గవర్నర్ ఎన్నికలో గ్లెన్ యంగ్‌కిన్ 16,63,158 ఓట్లతో టెర్రీ మెక్‌ఆలిఫ్ మీద 63,688 ఓట్ల ఆధిక్యంతో గెలిచినప్పుడు, మెక్‌ఆలిఫ్ అంతకు ముందు 2013లో గెలిచిన పటాన్ని ఇందులో తెరిచి, ఏ కౌంటీలు ఆయన చేయి వదిలాయో ఒక్కొక్కటిగా చూడవచ్చు. ఆ పని చేసి చూసినవారికి ఒకే మనిషి గెలుపోటముల మధ్య ఎనిమిదేళ్లలో రాష్ట్రం ఎక్కడెక్కడ కదిలిందో కళ్ల ముందు నిలుస్తుంది.

అయితే భాండాగారం చివరి అంకెను చెబుతుంది, ఆ అంకె వెనుక నడిచిన కథను చెప్పదు. ఇది నా ప్రధానమైన అసంతృప్తి. 2017లో న్యూపోర్ట్ న్యూస్‌లోని 94వ హౌస్ నియోజకవర్గం సంగతే తీసుకుందాం. మొదటి లెక్కలో రిపబ్లికన్ డేవిడ్ యాన్సీకి 10 ఓట్ల ఆధిక్యం. రీకౌంటింగ్‌లో డెమొక్రాట్ షెల్లీ సైమండ్స్‌కు ఒక్క ఓటు ఆధిక్యం. మర్నాడు ముగ్గురు న్యాయమూర్తులు ఒక వివాదాస్పద బ్యాలెట్‌ను పరిశీలించారు. దాని మీద ఇద్దరి పేర్ల పక్కనున్న గుండ్రాలూ నింపి, సైమండ్స్ పేరు దగ్గర అడ్డగీత గీసి ఉంది. దాన్ని వారు యాన్సీకి జమకట్టారు. ఇద్దరికీ 11,608 చొప్పున సమానమయ్యాయి. 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో ఇద్దరి పేర్లూ రాసిన చీటీలను ఫిల్మ్ డబ్బాల్లో పెట్టి, ఒక పింగాణీ గిన్నెలో వేసి తీస్తే యాన్సీ పేరు వచ్చింది, ఆ చీటీతో హౌస్‌లో రిపబ్లికన్ల బలం 51, డెమొక్రాట్ల బలం 49గా తేలింది. నూరు మంది సభ్యుల సభలో అధికారం ఎవరిదో నిర్ణయించిన ఈ క్రమమంతా పట్టికలో రెండు సమానమైన అంకెలుగా మిగిలిపోతుంది. ఆ 2017 ఎన్నికల్లోనే ఫ్రెడరిక్స్‌బర్గ్ ప్రాంతంలోని 28వ నియోజకవర్గంలో 147 మంది ఓటర్లకు పొరపాటున వేరే నియోజకవర్గపు బ్యాలెట్ ఇచ్చారు, రీకౌంటింగ్ తర్వాత అక్కడ గెలుపు తేడా 73 ఓట్లు. ఈ సంగతి తెలియకుండా ఆ 73ను చదవడం, తెలిసి చదవడం ఒకటి కావు.

రీకౌంటింగ్ నియమాలు కూడా పాఠకుడికి అందుబాటులో ఉంటే బాగుంటుంది. వర్జీనియాలో రీకౌంటింగ్ దానంతట అది జరగదు. తేడా 1 శాతానికి మించకుండా ఉంటే ఓడినవారు కోరుకోవచ్చు, అర శాతానికి మించకపోతే ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. 2024 జూన్ ప్రైమరీలో ఐదో కాంగ్రెస్ నియోజకవర్గంలో జాన్ మెక్‌గైర్ చేతిలో బాబ్ గుడ్ 374 ఓట్లతో ఓడి రీకౌంటింగ్ కోరితే, తేడా 370కి మారింది. అంటే లెక్క మొత్తం తిరగేసినా కదిలింది నాలుగు ఓట్లు. 2017లో కాగితం లేని టచ్ స్క్రీన్ యంత్రాలను పక్కన పెట్టి రాష్ట్రమంతా కాగితపు బ్యాలెట్లకు మారడం వల్ల ఇలా మళ్లీ లెక్కించి చూసుకునే వీలు కలిగింది. ఇటువంటి వివరం ఫలితం పక్కనే నాలుగు వాక్యాల్లో ఉంటే ఎన్నికల మీద నమ్మకం పెంచడానికి విభాగం వేరే ప్రచారం చేయనక్కరలేదు.

ఈ లోటును కొంత పూరించేది రిచ్‌మండ్ కేంద్రంగా 1997 నుంచి పనిచేస్తున్న వర్జీనియా పబ్లిక్ యాక్సెస్ ప్రాజెక్ట్. పార్టీలతో సంబంధం లేని స్వచ్ఛంద సంస్థ ఇది. అభ్యర్థులకు ఎవరు ఎంత విరాళం ఇచ్చారో, ముందస్తు ఓటింగ్ రోజు రోజుకూ ఎలా సాగుతోందో, గత ఎన్నికతో పోలిస్తే ఏ ప్రాంతం ఎంత కదిలిందో చక్కని పటాలతో చూపుతుంది. నియోజకవర్గాల సరిహద్దులను 2021 చివరలో రాష్ట్ర సుప్రీంకోర్టు కొత్తగా ఖరారు చేశాక, పాత అంకెలను కొత్త సరిహద్దుల్లో ఎలా చదవాలో సామాన్యుడికి అర్థమయ్యేలా చూపింది కూడా ఇలాంటి సంస్థలే. ప్రభుత్వ పేజీలో ముడి అంకె, ఇక్కడ దాని అర్థం, ఈ రెండూ కలిపి చూసినవారికి పూర్తి చిత్రం దొరుకుతుంది. విశ్లేషణ కోసం ముందు ఇక్కడికి వచ్చి, ఏ అంకె మీదైనా సందేహం కలిగితే రాష్ట్ర పేజీకి వెళ్లి సరిచూసుకోవడం మంచి పద్ధతి.

ఎవరికి ఏది సరిపోతుందో కూడా చెబుతాను. పోలింగ్ రాత్రి ఎవరు గెలిచారో మాత్రమే కావాలనుకునేవారికి వార్తా సంస్థల ప్రకటన చాలు, రాష్ట్ర పేజీ వారికి నెమ్మదిగా అనిపిస్తుంది. తమ కౌంటీలో, తమ పోలింగ్ కేంద్రంలో ఏం జరిగిందో తెలుసుకోవాలనుకునేవారు మాత్రం రాష్ట్ర పేజీనే నమ్ముకోవాలి. అయితే ఆ రాత్రి కాక, తపాలా ఓట్ల గడువు ముగిసే శుక్రవారం మధ్యాహ్నం దాటాక ఒకసారి, బోర్డు ధ్రువీకరణ అయ్యాక మరోసారి తెరవాలి. ఈ మూడు సమయాల్లోని అంకెలను ఎవరికి వారు దించుకుని దాచుకోవలసి రావడం ఇప్పటి పరిస్థితి. ఏ కౌంటీ ఏ రోజున ఏ గడిలో ఎన్ని ఓట్లు చేర్చిందో, ఎన్ని సరిదిద్దిందో, కారణమేమిటో తేదీలతో సహా పేజీ కిందే వరుసగా చూపే ఏర్పాటు చేయడం ఈ విభాగం తలచుకుంటే కష్టమైన పని కాదు. వివరాలన్నీ 133 కార్యాలయాల్లో ఎలాగూ నమోదవుతున్నాయి. ఇక 2027లో రాష్ట్ర సెనేట్‌లోని 40 స్థానాలకూ, హౌస్‌లోని 100 స్థానాలకూ కలిపి పోలింగ్ జరగాలి. అంత పెద్ద ఎన్నికకు ముందే ఆ ఏర్పాటు వస్తే ఎంతో బాగుంటుంది.